చూడదగ్గ ప్రదేశం

మా బావగారు తిరుపతిరావుగారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఒసాకా నగరాన్ని కొట్టేయడం మొదలుపెట్టారు.

నగరమంతా ఆయన ఒళ్ళోనే ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గరున్న ట్రావెల్స్ ఆఫీసువాళ్ళు అచ్చువేసి ఇచ్చిన రంగుల కాగితం అది. పైన లావుపాటి అక్షరాలతో ‘ఒసాకాలో చూడదగ్గ ప్రదేశాలు’ అని ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు విప్పి మడిచానంటే, మడతల దగ్గర చిరిగిపోయి టేపు అంటించుకోవలసి వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని దాన్ని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతున్నారు. హైస్కూల్లో సోషల్ టీచరుగా ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దినదాన్ని నేను. గవర్నర్‌పేటలో పంపుసెట్ల స్పేర్ పార్టులు అమ్ముకునే మనిషి నా ఎదురుగా కూచుని నా కాగితం దిద్దుతుంటే ఒళ్ళు మండిపోయింది.

“షితెన్నోజీ అంటే గుడేనా?” అని అడిగారు. నన్ను కాదు, పక్కన నిలబడ్డ మా తోడికోడలు సామ్రాజ్యాన్ని.

ఆయన నాతో నేరుగా మాట్లాడరు. తమ్ముడి భార్యతో మాట్లాడకపోవడమే మర్యాద అని నా పెళ్ళినాటి నుంచీ ఆయన పెట్టుకున్న నియమం. ఆయన మాటలు సామ్రాజ్యం అక్కయ్య నాకు చేరవేసేది. నా మాటలు మా ఆయన సంజీవరావుగారు ఆయనకు చేరవేసేవారు. మొన్న కార్తీకంలో మా ఆయన పోయారు. అప్పట్నుంచీ బావగారి మాటలు నాకు అందుతూనే ఉన్నాయి. నా మాటలు ఆయనకు చేర్చే మనిషే లేడు.

“బుద్ధుడి గుడంట” అంది అక్కయ్య.

“ఎవరి గుడైతే ఏంటి? ఏడాది తిరక్కుండా గుడి గడప తొక్కకూడదు.” ఎర్ర గీత పడింది.

సుమియోషి అని ఇంకో గుడి ఉంది. దాని ముందు కొలను మీద గూనిలా పైకి లేచిన ఎర్రటి వంతెన. గుడిలోకి వెళ్ళకుండా వంతెన ఒక్కటీ చూసొస్తుందేమో అని అక్కయ్య నా తరఫున నసిగింది. వంతెన కూడా గుడిదేనని ఆయన తేల్చేశారు. హోజెన్‌జీ అనే చిన్న గుడిలో ఒళ్ళంతా నాచు పట్టిన విగ్రహం ఉంటుంది, వచ్చినవాళ్ళంతా దాని మీద నీళ్ళు పోసి దండం పెట్టుకుంటారు. అది చదివేసరికి ఆయన మొహం మారిపోయింది. అభిషేకం అన్నారు. దానికి రెండు గీతలు.

తర్వాత కోట. ఒసాకా కోట గుడి కాదు కదా, అదైనా మిగులుతుందనుకున్నాను. నాలుగు వందల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద యుద్ధం జరిగి వేలమంది పోయారని కాగితంలో అడుగున చిన్నక్షరాల్లో వేశారు. ఆ రాసినవాడి చెయ్యి పడిపోను. అన్ని చావులు జరిగిన చోటికి ఏడాదిలోపు వెళ్ళకూడదని బావగారు గీత కొట్టారు. గుడికి నేను పనికిరాను, కోట నాకు పనికిరాదు. ఇదేం న్యాయమో ఎవరినన్నా అడుగుదామంటే ఎవరున్నారు?

దోతొంబొరి అనే కాలవగట్టు, దీపాల బోర్డులు, టవరు, జెయింట్ వీల్ అన్నీ ‘నలుగురూ ఏమనుకుంటారు’ కింద పోయాయి. ఒసాకాలో ఆ నలుగురూ ఎవరో నాకు తెలియదు. చివరికి సముద్రపు చేపల అక్వేరియం ఒక్కటి మిగిలింది. ఆయన పెన్ను గాల్లో ఆగింది. చేపల్లో అశుభం ఏముందో ఆయనకు కూడా వెంటనే తోచలేదు.

“చేపలకోసం జపాన్ ఎందుకంట? బ్యారేజీ కింద లేవా?” అని దాన్నీ కొట్టేశారు.

ఒసాకా అంటే నీకెందుకంత పిచ్చి అని అందరూ అడుగుతారు. జపాన్ మాంచెస్టర్ అని ఏ నగరాన్ని అంటారు? ఇది ఒక మార్కు ప్రశ్న. దాన్ని పటంలో గుర్తించుము, ఇంకో మార్కు. ఏటేటా మా పిల్లలు ఒసాకాని తీసుకెళ్ళి పసిఫిక్ సముద్రంలో ముంచేసేవారు. ఒకడు చైనాలో పెట్టాడు. నేను ప్రతి పేపరు మీదా సరైన చోట చుక్క పెట్టి చూపించేదాన్ని. అన్నేళ్ళు ఇతరులకు చూపించిన ఊరిని ఒక్కసారి నా కళ్ళతో చూడాలని ఉండదా? మా పాఠంలో ఒసాకా అంటే బట్టల మిల్లులే, ట్రావెల్స్ వాళ్ళ కాగితంలో మిల్లు ఒక్కటి కూడా లేదు. మరీ మంచిది, పాఠంలో లేని ఊరే చూస్తానని సంబరపడ్డాను.

మా ఆయనకు ప్రయాణాలు పడవు. ఉయ్యూరు దాటితే తలనొప్పి వచ్చే మనిషి. “ఒసాకా ఒసాకా అని ప్రాణం తీస్తున్నావు, ఒకసారి చూసొచ్చెయ్యవే, పీడా వదుల్తుంది” అని ఆయనే నన్ను స్కూటరు మీద బెంజ్ సర్కిల్ తీసుకెళ్ళి దింపారు. మా స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి నాతోపాటే రిటైరైన తెరేసమ్మా, నేనూ కలిసి వెళ్ళేట్టు పేర్లు రాయించుకున్నాం. నేను లేని రోజుల్లో ఏం తినాలో కూడా ఆయన అనుకుని పెట్టుకున్నారు. వదిన చేతి వంకాయ కూర ప్రతిరోజూ తింటానని నన్ను ఉడికించేవారు. ఆ తర్వాత ఒక పొద్దున కాఫీ తాగుతూ, గ్లాసులో సగం ఉండగానే, కుర్చీలో పక్కకి ఒరిగిపోయారు. నాకు ఆయన మీద కూడా కోపమే. ఆ కాఫీ పూర్తిచేసి వెళ్ళొచ్చుగా.

బావగారు కాగితం మడిచి బల్ల మీద పడేశారు.

“గుళ్ళ సంగతి అటుంచు. అసలు నిద్రే కాలేదుగా. నిద్ర చెయ్యని మనిషి పరాయి ఊళ్ళో ఎట్టా పడుకుంటుంది?”

మా వైపు ఒక ఆచారం ఉంది. భర్త పోయిన మనిషిని, దినకర్మలు అయ్యాక, తనవాళ్ళెవరో వచ్చి చీర పెట్టి తమ ఇంటికి తీసుకెళ్ళాలి. అక్కడ ఒకటో మూడో ఐదో, బేసి లెక్కన రాత్రుళ్ళు ఉంచుకుని తిరిగి తెచ్చి దింపాలి. దాన్ని నిద్రకు తీసుకెళ్ళడం అంటారు. అది జరిగేదాకా ఆ మనిషి ఇంకో ఇంటి గడప తొక్కకూడదు, ఇంకో చోట పడుకోకూడదు. నాకు అన్నదమ్ములు లేరు. మైలవరంలో మా పెదనాన్న కొడుకు ఉన్నాడు. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాం, ఇప్పుడు తీసుకెళ్తే బాగుండదని ఫోన్లో చెప్పేశాడు. పెళ్ళి అయిపోయింది. కొత్త కోడలు నెల తప్పింది, ఇప్పుడు కూడా బాగుండదన్నాడు. ఆ బిడ్డ పుడితే బారసాల అంటాడు. మా అమ్మాయి కీర్తన బెంగుళూరు తీసుకెళ్తానంటే, కూతురింట్లో నిద్ర చెల్లదన్నారు. అదీ సరేనంది. ఈ ఏడాది ఓపిక పట్టమ్మా, తిరుపతి పెదనాన్నతో గొడవెందుకు అని నాకే సుద్దులు చెప్పింది. కన్నకూతురి మీద కూడా ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

అలా ఐదు నెలలుగా నేను మేడమీదే ఉన్నాను. కింద వాటాలో బావగారు వాళ్ళు. వీసా వచ్చింది, ఇంకో రెండు వారాల్లో ప్రయాణం. నిద్ర కాలేదు కాబట్టి ఆగిపోవాలట.

“నేనేం కాదనటంలా” అన్నారు బావగారు లేస్తూ, అక్కయ్యనే చూస్తూ. “తనవాళ్ళంటూ ఎవరన్నా వచ్చి, నిద్రకి పంపండి అని నా ఎదుట అడగమను. అడిగినాక కాదన్న వంశం కాదు మాది. వచ్చే దిక్కెవరన్నా ఉంటేగా.”

ఆ ఆఖరి మాట మెట్లు దిగుతూ అన్నారు. నాకు దిక్కు లేదని ఆయనకు అంత ధీమా.

నేను కదలకూడదు గాని, నన్ను చూడ్డానికి మాత్రం అందరూ కదిలొస్తారు. మంగళవారం, శుక్రవారం సెలవు, ఆ రోజుల్లో పరామర్శకు రాకూడదు. మిగతా రోజుల్లో గుడివాడ నుంచీ, మైలవరం నుంచీ కార్లు వేసుకుని వస్తారు. ఎలాగూ బెజవాడ వస్తున్నారు కదా, పొద్దున్నే కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుంటారు. తర్వాత బ్యారేజీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం బట్టల షాపులు. వెళ్తూ వెళ్తూ నేను. నన్ను చూశాక గుడికి వెళ్ళకూడదు కాబట్టి నన్ను చివర్లో పెట్టుకుంటారు. నిజంగా నాకోసమే వచ్చి ఏడ్చిపోయినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అక్కయ్య వాళ్ళని మేడమీదికి తీసుకొచ్చి అన్నీ చూపిస్తుంది. “ఇదిగో, ఈ కుర్చీలోనే. కాఫీ తాగుతా తాగుతా.” వాళ్ళు కుర్చీ వైపు చూస్తారు. “ఇటు పక్కకి ఒరిగాడు.” ఇటు పక్కకి చూస్తారు. ఒకసారి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఆ కాఫీ గ్లాసు కూడా తెచ్చి చూపించింది. నేను దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత నా వంతు. మెడ చూస్తారు, నుదురు చూస్తారు, చేతులు చూస్తారు. ఏడిస్తే తృప్తిగా ఉంటుంది వాళ్ళకి. ఏడవకపోతే అంత దూరం నుంచి వచ్చిందెందుకు అన్నట్టు కూచుంటారు. ఒకావిడైతే చిక్కిపోయానో లేదో తెలియడం లేదని నన్ను లేచి నిలబడమంది. వెళ్ళేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు. చావింట్లో ఆ మాట అనకూడదు. చెప్పకుండా లేచిపోతారు. సినిమా అయిపోయాక హాల్లోంచి లేచిపోయినట్టు.

విజయవాడలో చూడదగ్గ ప్రదేశాలు అని ఎవడన్నా కాగితం అచ్చువేస్తే చివరి వరసలో నా పేరు ఉండాలి.

అదే నేను వాళ్ళకి ఎదురుపడితే మాత్రం దోషం. బావగారు పొద్దున కొట్టుకి బయల్దేరేటప్పుడు అక్కయ్య కిందనుంచి “బయల్దేరుతున్నారు” అని నాకు వినబడేట్టు అంటుంది. అంటే మెట్ల మీద ఎక్కడున్నా నేను వెనక్కి వెళ్ళిపోవాలి. మొదట్లో ఒకసారి పాల ప్యాకెట్లకోసం దిగి ఆయనకు ఎదురుపడ్డాను. ఆయన అక్కడికక్కడే వెనక్కి తిరిగి, లోపల కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరారు. నాకేమీ చెప్పలేదు. చెప్పకపోవడం మర్యాద కదా. పాల ప్యాకెట్లు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు కోపం వస్తుంది.

బావగారు కాగితం కొట్టేసిన సాయంత్రం తెరేసమ్మకి ఫోన్ చేశాను. తను మా వెనక సందులోనే ఉంటుంది. ఆయన పడిపోయిన పొద్దున నా కేక విని చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది తనే. పెద్దకర్మ రోజున మాత్రం అక్కయ్య అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి తెరేసమ్మ ఒక్కదానికీ పేపరు కప్పులో ఇచ్చింది. తెరేసమ్మ కప్పు వైపు ఒకసారి, చుట్టూ ఉన్న గ్లాసుల వైపు ఒకసారి చూసి కాఫీ తాగేసింది. ఆ తర్వాత మా మెట్లెక్కలేదు. ఫోన్ మాత్రం రోజూ చేస్తుంది.

జరిగిందంతా చెప్పాను. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగిపోయింది. గుడి, కోట, చేపలు, నిద్ర, దిక్కు, ఒకటి వదలకుండా చెప్పాను. నా పేరు కొట్టేసి ఇంకెవరినన్నా తోడు తీసుకెళ్ళమన్నాను.

“ఆయన అన్నమాట మళ్ళీ ఒకసారి చెప్పు. పుట్టింటివాళ్ళు అన్నారా, తనవాళ్ళు అన్నారా?” అని అడిగింది తెరేసమ్మ చివర్లో.

“తనవాళ్ళంటూ ఎవరన్నా అన్నారు. వచ్చి అడిగితే కాదననన్నారు. ఎవరొస్తారని?”

“తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు చేతిలో ఏం తెస్తారు?”

చీర, పళ్ళు అని చెప్పి, ఇవన్నీ నీకెందుకని విసుక్కున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక మాట్లాడదామని పెట్టేసింది. కనీసం అయ్యో అని కూడా అనలేదని తన మీద కూడా కోపం తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో నా కోపానికి చిక్కనివాళ్ళు లేరు.

ఆదివారం గుడివాడ నుంచి జనం వచ్చారు. ఒక పెద్ద కారు నిండా. వాళ్ళతో మా అత్తగారి చెల్లెలు, పిన్నత్తగారు కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మేడమెట్లు ఎక్కలేక ఆయాసపడుతూ వచ్చి కూచుంది. బావగారు కూడా పైకొచ్చి తలుపు పక్క కుర్చీలో కూచున్నారు. అక్కయ్య ఇదిగో ఈ కుర్చీలోనే అని మొదలుపెట్టింది. అప్పుడే మెట్ల మీద చప్పుడైంది.

తెరేసమ్మ గుమ్మంలో ఆగింది. చర్చికి కట్టుకెళ్ళిన తెల్లచీరలోనే ఉంది. చేతిలో స్టీలు పళ్ళెం, అందులో మంగళగిరి నేత చీర, రవికె గుడ్డ, అరటిపళ్ళు. గ్రౌండులో పిల్లల్ని వరసలో నిలబెట్టే మనిషి కదా, గుమ్మంలో అలాగే నిటారుగా నిలబడింది.

“అన్నయ్యగారూ, మా రావమ్మని నిద్రకి తీసుకెళ్దామని వచ్చానండి. పంపించండి.”

అక్కయ్య చెయ్యి కుర్చీ వైపు చూపిస్తూ అలాగే ఉండిపోయింది.

బావగారు అలవాటు ప్రకారం అక్కయ్య వైపు తిరిగారు. ఇది మన ఆచారమని, వాళ్ళకి తెలియదని, ఎవరుపడితే వాళ్ళు చేసేది కాదని ఆవిడకి చెప్పమన్నారు. అక్కయ్య చెప్పేలోపే తెరేసమ్మ అందుకుంది. తెలుసుకునే వచ్చానంది. బేసి లెక్కన ఉండాలట కదా, ఏడు నిద్రలు ఉంచుకుంటాను, ఒసాకాలో అంది. గుడివాడ వాళ్ళలో ఒకతనికి పొలమారింది.

“ఆవిడ ఏ రకంగా మన మనిషి? అడుగు” అన్నారు బావగారు.

నేను లేచి నిలబడ్డాను.

“అక్కయ్యని అడగమనక్కర్లేదు బావగారూ. మీతోనే మాట్లాడుతున్నాను, నాతో మాట్లాడండి.”

ఆయన తల ఎత్తలేదు. నా గొంతు ఆయనకి సూటిగా వినబడటం అదే మొదటిసారి. నాకే అది కొత్తగా వినబడింది.

“మీ తమ్ముడు పడిపోయినప్పుడు మనవాళ్ళందరం చుట్టూ నిలబడి ఏడ్చాం. అంబులెన్సు వచ్చేదాకా ఆయన గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది ఈవిడ. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. అప్పుడు ఏ రకంగా మన మనిషి అని ఎవరూ అడగలా. దక్కలేదు, అది వేరు. పెద్దకర్మ నాడు ఈవిడకి పేపరు కప్పులో కాఫీ ఇచ్చారు మనింట్లో. ఆ కప్పు నేను చూశాను, మీరూ చూశారు. ఐదు నెలల్నుంచి నిద్రకి ఒక్క మనవాడు రాలేదు. ఈవిడ వచ్చింది, మీ ఎదుట నిలబడి అడిగింది. అడిగితే కాదన్న వంశం కాదన్నారు. ఇంతమంది చూడ్డానికే వచ్చారు కదా. కాదనండి, చూస్తారు.”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడివాడ వాళ్ళకి కావలసింది అదేనని గుర్తొచ్చి పమిటతో గట్టిగా తుడిచేసుకున్నాను.

బావగారు ఏదో అనబోయారు. ఈలోపు మూల నుంచి పిన్నత్తగారు గొంతు సవరించుకుంది. ఆవిడ నా పక్షాన మాట్లాడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజానికి నా పక్షాన మాట్లాడలేదు కూడా. ఆచారం పక్షాన మాట్లాడింది.

“నిద్రకి పంపమని గుమ్మంలోకి వచ్చి అడిగితే కాదనకూడదురా తిరపతీ. వాళ్ళెవరన్నా గానీ. కాదంటే ఇంటికి మంచిది కాదు. చీర పుచ్చుకోనియ్యి.”

ఆవిడకి ఒసాకా ఎక్కడో తెలియదు. జగ్గయ్యపేట అవతల ఏదో ఊరనుకుని ఉంటుంది. అయినా ఆవిడ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. బావగారు లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి పళ్ళెం అందుకున్నాను. తెరేసమ్మ వేళ్ళు చల్లగా ఉన్నాయి. అంత నిటారుగా నిలబడ్డ మనిషి లోపల ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది నాకు. వంటింట్లోకి తీసుకెళ్ళి నా చేత్తో స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చాను. అక్కయ్య చూస్తుండగానే ఇచ్చాను.

ప్రయాణం దాకా కింద వాటా నుంచి నాకు ఒక్క కబురు రాలేదు. అక్కయ్య కూర పంపడం కూడా మానేసింది. ఎర్ర గీతల కాగితం పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను. ఆయన కొట్టేసిన వరసలోనే ఒక్కొక్కటీ చూసి రావాలని నా పంతం. ముందు షితెన్నోజీ, తర్వాత ఎర్ర వంతెన, ఆ నాచు దేవుడికి నీళ్ళు, కోట, జెయింట్ వీల్. చేపలు చివర్లో.

ప్రయాణం రోజు పొద్దున కారు వచ్చి గేటు బయట ఆగింది. తెరేసమ్మ అందులోనే ఉంది. మా ఆయన ఫొటో ముందు నిలబడి, పీడా వదిలించుకుని వస్తానని చెప్పాను. మంగళగిరి చీర కట్టుకున్నాను. పెట్టె పట్టుకుని మేడ దిగుతుండగా కిందనుంచి అక్కయ్య గొంతు వినబడింది.

“బయల్దేరుతున్నారు.”

పాదం దానంతటదే ఆగింది. ఐదు నెలల అలవాటు అంత తొందరగా పోదు. గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాను. తర్వాత మిగతా మెట్లన్నీ దిగాను. పెట్టె చక్రాలు మెట్టుమెట్టుకీ టకటకమంటుంటే, ఆ చప్పుడు తగ్గించాలని కూడా చూడలేదు.

బావగారు స్కూటరు తాళం చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చారు. నేను సరిగ్గా ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. ఆయన నన్ను చూశారు, పెట్టెని చూశారు, చీరని చూశారు. నన్ను ఆయన నిండుగా చూడటం కూడా అదే మొదటిసారేమో. ఏమన్నా అంటారని ఒక్క క్షణం ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

“లోపలికెళ్ళి కాసేపు కూచుని మంచినీళ్ళు తాగి బయల్దేరండి బావగారూ” అన్నాను. “నేను ఎదురొచ్చాను.”

ఆయన నిజంగానే వెనక్కి తిరిగారు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, బిందె మీద మూత తీసిన చప్పుడు వినబడ్డాయి. నా కోపం తీరుతుందనుకున్నాను, తీరలేదు. తెరేసమ్మ కారు దిగి పెట్టె అందుకుంది. నేను గేటు మూసి, కమ్మీ పట్టుకుని, కింద వాటాకీ మేడకీ వినబడేట్టు గట్టిగా ‘వెళ్ళొస్తాను’ అన్నాను. మా ఆయన పోయాక ఆ గుమ్మం ముందు ఆ మాట అన్న మొదటి మనిషిని నేనే.